కాస్ట్రోను పేపరు పుట్టించలేదు

"అడవిలో 18 మందితో దాక్కున్న ఫిడెల్ కాస్ట్రోని న్యూయార్క్ టైమ్స్ విలేకరి ఒకాయన అమాయకంగా నమ్మి హీరోని చేశాడు, ఆ ఇంటర్వ్యూ లేకపోతే క్యూబా విప్లవమే లేదు." ఎప్పటినుంచో తిరుగుతున్న మాట ఇది. ఇందులో కొంత నిజం ఉంది, అందుకే ఇంతకాలం బతికింది.

మొదట ఆ అమాయకత్వం సంగతి. ఆ విలేకరి హెర్బర్ట్ మాథ్యూస్‌కి అప్పటికి 57 ఏళ్లు. స్పెయిన్ అంతర్యుద్ధాన్ని దగ్గరుండి రాసినవాడు. భార్యతో కలిసి టూరిస్టులా హవానా నుంచి కారులో బయల్దేరి, మిలిటరీ తనిఖీలు దాటి, ఆమెను మాన్సానియోలో ఉంచి తను సియెర్రా మాయెస్త్రా కొండెక్కాడు. 1957 ఫిబ్రవరి 17న కాస్ట్రోని కలిశాడు. చుట్టుపక్కల సైన్యం ఉండటంతో ఇద్దరూ గుసగుసల్లోనే మాట్లాడుకున్నారు. లేచే ముందు నోట్సు కాగితం మీద కాస్ట్రో చేత సంతకం పెట్టించి, తేదీ వేయించుకున్నాడు. రేపు ఎవరూ నమ్మరని ముందే ఊహించినవాడు అమాయకుడెలా అవుతాడు?

ఇక ఆ 18 మంది. అప్పుడు తన దగ్గర ఎక్కువమంది లేరని కాస్ట్రో స్వయంగా 1959లో అమెరికా వచ్చినప్పుడు గొప్పగా చెప్పుకున్నాడు. ఇంటర్వ్యూ మధ్యలో "రెండో దళం" నుంచి కబురంటూ ఒకడు రావడం, బలగం ఎక్కువని చూపించడానికి ఆడిన నాటకమే. మాథ్యూస్ బలగాన్ని ఎక్కువగానే ఊహించాడు. కానీ ఎంతమంది ఉన్నారో చెప్పనని కాస్ట్రో అన్న మాటను ఆయన వ్యాసంలోనే రాశాడు. ఆ వాక్యం మాత్రం ఎవరూ షేర్ చేయరు.

అసలు కాస్ట్రోకి ప్రచారం చేసిపెట్టింది అప్పటి క్యూబా నియంత బటిస్టా ప్రభుత్వమే అంటాను నేను. 1956 డిసెంబర్ 2న గ్రాన్మా పడవలో కాస్ట్రోతో కలిపి 82 మంది క్యూబాలో దిగగానే నాయకుడు చచ్చాడని వార్త పుట్టింది. యునైటెడ్ ప్రెస్ వార్తా సంస్థ దాన్ని ప్రపంచమంతా పంపింది. న్యూయార్క్ టైమ్స్ కూడా వేసుకుంది! మనిషి చచ్చాడని చాటాక, బతికున్నాడని చూపించడానికి అతని ఒక్క ఫొటో చాలదా? ఫిబ్రవరి 24న వ్యాసం వచ్చాక కూడా బుద్ధి రాలేదు. రక్షణ మంత్రి వెర్దెహా దాన్ని కట్టుకథ అని కొట్టిపారేశాడు. నిజంగా కలిసి ఉంటే ఇద్దరూ కలిసున్న ఫొటో ఏదీ అని అడిగాడు. ఫొటో ఉంది. 28న ఆయన ప్రకటన పక్కనే దాన్ని అచ్చేశారు: సిగార్ వెలిగించుకుంటున్న కాస్ట్రో, పక్కన టోపీ పెట్టుకుని నోట్సు రాసుకుంటున్న మాథ్యూస్. అంత పెద్ద పబ్లిసిటీ ఏ గెరిల్లా డబ్బు పెట్టి కొనుక్కోగలడు?

"ఇంటర్వ్యూ లేకపోతే విప్లవం లేదు" అన్నదానికి జవాబు క్యాలెండర్‌లోనే ఉంది. బటిస్టా పారిపోయింది 1959 జనవరి 1న, అంటే దాదాపు రెండేళ్ల తర్వాత. ఈలోగా సాంటియాగోలో కాస్ట్రో ఉద్యమ నాయకుడు ఫ్రాంక్ పయీస్‌ని పోలీసులు చంపారు, ఊరంతా సమ్మె చేసింది. 1958 మార్చిలో అమెరికా బటిస్టాకి ఆయుధాలు ఆపింది. ఆ ఎండాకాలం వేల మంది సైనికులతో బటిస్టా చేయించిన దాడి బెడిసికొట్టింది. వీటిలో ఏదీ పేపరు చేసిన పని కాదు.

మాథ్యూస్ నిజంగా తప్పు చేసింది వేరే చోట. కాస్ట్రో కార్యక్రమం అస్పష్టంగా ఉందని ఆయనే రాశాడు, బాగుంది. వెంటనే అది ప్రజాస్వామికం, "కాబట్టి" కమ్యూనిస్టు వ్యతిరేకం అని తేల్చేశాడు. ఆ "కాబట్టి" కాస్ట్రో నోట్లోంచి వచ్చింది కాదు, ఆయన సొంత లెక్క. తిట్టేవాళ్లు దాన్ని తిట్టొచ్చు, నేనూ కలుస్తాను.