పాత సర్వర్‌ను తూకానికి వేయకండి

ఒంగోలు, నెల్లూరు వైపు స్కూళ్ల, కాలేజీల వాట్సాప్ గ్రూపుల్లో, ల్యాబులోని కంప్యూటర్లన్నిటికీ ఫైళ్లు అందించే పెద్ద కంప్యూటర్, అంటే సర్వర్ గురించి ఒక మెసేజ్ తెగ తిరుగుతోంది. "ఐదేళ్లు దాటిన సర్వర్ చెత్తతో సమానం. దాన్ని నడిపితే కరెంటు బిల్లే కొత్త సర్వర్ ధర దాటుతుంది. ఏసీ గది లేకపోతే కాలిపోతుంది. ఫార్మాట్ కొట్టి తూకానికి అమ్మేయండి, లోపల బంగారం ఉంటుంది కాబట్టి మంచి రేటు వస్తుంది" అని. ఇది నమ్మి, ఇంకా బాగా పనికొచ్చే మెషీన్లను ఆటోలో వేసి పాత ఇనుప సామాను కొట్టుకు పంపేస్తున్నారు. ల్యాబుల్లో రిపేర్లు చేసుకుని బతికేవాణ్ని, చూస్తూ ఊరుకోలేక రాస్తున్నాను.

అన్నిటికంటే ప్రమాదకరమైనది "ఫార్మాట్ కొట్టి" అన్న మాట. క్విక్ ఫార్మాట్ ఫైళ్లను చెరపదు. పుస్తకంలో విషయసూచిక చింపేసినట్టు, ఏ ఫైలు ఎక్కడుందో చెప్పే పట్టిక ఒక్కటే పోతుంది, పేజీలన్నీ అలాగే ఉంటాయి. ఒంగోలులో ఒక కొట్లో తూకానికి వచ్చిన హార్డ్‌డిస్కు కొని, నా కంప్యూటర్‌కు తగిలించి, చెరిగిన ఫైళ్లను వెతికి తీసే ఫోటోరెక్ నడిపాను. అది ఉచితంగా దొరికే ప్రోగ్రామే, ఎవరైనా వాడొచ్చు. కాసేపటికి మార్కుల జాబితాలు, ఫీజు రసీదులు, ఆధార్ కాపీలు వరసగా బయటపడ్డాయి. ఒక అమ్మాయి బ్యాంకు పాస్‌బుక్ మొదటి పేజీ, ఫొటోతో సహా, స్పష్టంగా కనిపించింది. డిస్కు మీది కాలేజీ స్టిక్కర్ మాత్రం శ్రద్ధగా గీకేశారు. నేను దాన్ని పూర్తిగా తుడిచేశాను. వేరేవాళ్ల చేతిలో పడుంటే ఆ పిల్లల గతి ఏమిటి?

"మాది రెయిడ్ అండీ, ఒక్క డిస్కు తీసుకెళ్తే ఏమీ చదవలేరు" అనే ధీమా కూడా వద్దు. రెయిడ్ అంటే డేటాను ఒకటికి మించి డిస్కుల్లో సర్దే పద్ధతి. అందులో రెయిడ్ 1 అనే రకంలో ప్రతి డిస్కులోనూ మొత్తం డేటా ఉంటుంది. తుడవాల్సింది హార్డ్‌డిస్కు అయితే, ఉచితంగా దొరికే లైనక్స్ ఆపరేటింగ్ సిస్టంలో ష్రెడ్ లాంటి కమాండ్‌తో ఈ చివరి నుంచి ఆ చివరి దాకా ఒక్కసారి తిరగరాస్తే చాలు. 4 టీబీ డిస్కుకు ఏడెనిమిది గంటలు పడుతుంది, రాత్రి పెట్టి పొద్దున చూసుకోవచ్చు. తిరిగే పళ్లేలు లేకుండా చిప్‌ల మీద రాసే ఎస్‌ఎస్‌డీకి ఇది సరిపోదు, తనను తానే తుడుచుకొమ్మని చెప్పే సెక్యూర్ ఎరేజ్ కమాండ్ దానికి ఇవ్వాలి. అసలు తిరగని డిస్కయితే విప్పి, లోపలి పళ్లేలకు డ్రిల్లింగ్ మెషీన్‌తో తూట్లు పొడవడమే.

కరెంటు బిల్లు విషయంలో కొంత నిజముంది, లెక్కే తప్పు. రెండు ప్రాసెసర్లున్న డెల్ కంపెనీ సర్వర్ ఆర్720, పెద్దగా పని లేనప్పుడు సుమారు 120 వాట్లు లాగుతుందనుకుందాం. రాత్రింబవళ్లు నడిపితే నెలకు 86 యూనిట్లు. యూనిట్ పది రూపాయలు వేసుకున్నా ఏడాదికి పదిన్నర వేలు. ఇందులో కొత్త సర్వర్ ఎక్కడ వస్తుంది? పైగా స్కూలుకు రాత్రి సర్వర్ ఎందుకు? రోజుకు ఆరు గంటలు, నెలకు పాతిక రోజులు, 200 వాట్లు లాగినా 30 యూనిట్లే. ఇంకా తగ్గాలంటే రెండో ప్రాసెసర్ తీసేయండి. దాని వైపు ర్యామ్ స్లాట్లు పనిచేయవు, మిగతా సగం ల్యాబుకు ధారాళంగా సరిపోతుంది.

ఏసీ సంగతి. ఆర్720ని గదిలో వేడి 35 డిగ్రీల వరకు ఉన్నా నిరంతరం నడపొచ్చని కంపెనీయే రాసింది. మన దగ్గర రోహిణి కార్తెలో అది దాటుతుంది, నిజమే. కానీ అప్పుడు బళ్లకు సెలవులు, మెషీన్ ఆపేయొచ్చు. కొత్తపట్నం లాంటి సముద్రపు ఒడ్డు ఊళ్లలో నాకు భయం వేడి గురించి కాదు, ఉప్పుగాలి, దుమ్ము గురించి. కిటికీ పక్కన పెట్టకండి, ఏడాదికి రెండుసార్లు బ్లోయర్ కొట్టించండి. ఫ్యాన్ల మోత మాత్రం భరించడం కష్టం, తరగతి గదిలో వద్దు.

బంగారం ఆశ గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు. కనెక్టర్ల మీద ఉండేది పలుచటి పూత. ముప్పై కిలోల దగ్గర తూగే పెట్టెలో ఎక్కువ భాగం ఇనుప రేకే, కొట్టువాడు ఇచ్చేదీ పాత ఇనుము రేటే. ఆ పూత కోసం పెరట్లో నైట్రిక్ యాసిడ్ పోసి బోర్డులు కరిగించే కూలీల ఊపిరితిత్తులకు ఎవరు రేటు కడతారు?

ఇక "ఐదేళ్లు". ఆర్720 వచ్చింది 2012లో, అయినా ఇంకా పనికొస్తుంది. దాని మీద విండోస్ సర్వర్ 2012 ఆర్2 ఉంటే తీసేయండి, 2023 అక్టోబర్‌తో దానికి మామూలు అప్‌డేట్లు ఆగిపోయాయి. డెబియన్ అనే లైనక్స్ ఎక్కించి, కివిక్స్ అనే ప్రోగ్రాంతో తెలుగు వికీపీడియా, కోలిబ్రి అనే ప్రోగ్రాంతో పాఠాలు పెడితే ఇంటర్నెట్ లేకపోయినా పిల్లలు చదువుకోవచ్చు. తుఫానుకు కేబుల్ తెగినా, కరెంటు ఉంటే చాలు, ల్యాబు ఆగదు. హార్డ్‌డిస్కులు పోయి మూలన పడున్న డెస్క్‌టాప్‌లు కూడా, నెట్‌వర్క్ కేబుల్ ద్వారానే కంప్యూటర్లను నడిపించే ఎల్‌టీఎస్‌పీ అనే సాఫ్ట్‌వేర్‌తో ఈ సర్వర్ నుంచే బూటవుతాయి. సింగరాయకొండ వైపు ఒక హైస్కూల్లో ఇలా పెట్టాక, మూతపడిన ల్యాబు గదిలో మళ్లీ పీరియడ్లు వేస్తున్నారు. ఫర్మ్‌వేర్, అంటే మెషీన్ లోపలే ఉండే మూల సాఫ్ట్‌వేర్, పాతది కాబట్టి సర్వర్‌ను నేరుగా ఇంటర్నెట్‌కు తెరవకుండా స్కూలు నెట్‌వర్క్‌లోనే ఉంచాలి.

ప్రతి పాత సర్వర్‌నూ దాచుకోమనడం లేదు. 2006 నాటి డెల్ సర్వర్ పవర్‌ఎడ్జ్ 2950 తరం, ఎఫ్‌బీ-డిమ్ అనే పాత రకం ర్యామ్ తోనే పొయ్యిలా కాగుతుంది, కరెంటు దండగ. అలాంటివి పంపేయాల్సిందే, కానీ తూకం కొట్టుకు కాదు. 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్న ఈ-వ్యర్థాల నిబంధనల ప్రకారం రీసైక్లర్లు, పాతవాటిని బాగుచేసి అమ్మే రిఫర్బిషర్లు కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి పోర్టల్‌లో రిజిస్టర్ కావాలి. ఆ రిజిస్ట్రేషన్ అడిగి చూసి, డిస్కులు ముందే తీసి పెట్టుకుని, రసీదు తీసుకుని ఇవ్వండి.