మోజెస్‌ను పతకాలతో కొలవొద్దు

అమెరికా పరుగువీరుడు ఎడ్విన్ మోజెస్ పేరెత్తగానే అందరూ చెప్పేది 122 వరుస విజయాల గురించే. 1977 ఆగస్టులో బెర్లిన్‌లో హరాల్డ్ ష్మిడ్ చేతిలో ఓడాక, మళ్లీ 1987 జూన్‌లో మాడ్రిడ్‌లో డానీ హారిస్ ఓడించేదాకా అడ్డుకట్టెల మీంచి దూకుతూ పరుగెత్తే 400 మీటర్ల హర్డిల్స్‌లో అతణ్ని దాటినవాడు లేడు. గొప్ప లెక్కే. కానీ నా దృష్టిలో అతని గొప్పతనం గెలుపుల లెక్కలో కంటే అంగల లెక్కలో ఉంది.

ఈ పరుగులో పది హర్డిల్స్. ఒక్కోటి 91.4 సెంటీమీటర్ల ఎత్తు, ఒకదానికీ ఇంకోదానికీ మధ్య 35 మీటర్లు. సగం దూరం దాటాక తొడలు బరువెక్కుతాయి, అంగ కురచబడుతుంది. అప్పటిదాకా 13 అంగలు వేసినవాడు 14కి మారితే అలవాటైన కాలు వదిలి రెండో కాలు ముందు పెట్టి దూకాలి. 15కి మారితే కాలు మారదు గానీ వేగం తగ్గుతుంది. మోజెస్‌కు ఆ బెడదే లేదు. మొదటి హర్డిల్ నుంచి పదో హర్డిల్ దాకా మధ్యలో 13 అంగలే. అప్పట్లో ఇంకెవరికీ అది నిలకడగా సాధ్యం కాలేదు. సొంత ట్రాక్ కూడా లేని మోర్‌హౌస్ కాలేజీలో భౌతికశాస్త్రం చదివిన ఈ కుర్రాడు, 1976లో మాంట్రియల్ ఒలింపిక్స్‌లో 47.63 సెకన్ల ప్రపంచ రికార్డుతో స్వర్ణం గెలిచాడు. అతనికి అదే తొలి అంతర్జాతీయ పోటీ!

1980 తలచుకుంటే ఇప్పటికీ మనసు చివుక్కుమంటుంది. ఆ జూలైలో మిలాన్‌లో 47.13తో తన రికార్డును తనే తిరగరాశాడు. అదే నెలలో మాస్కో ఒలింపిక్స్‌లో స్వర్ణం దక్కిన సమయం 48.70. ఆ ఒలింపిక్స్‌ను అమెరికా బహిష్కరించడంతో మోజెస్ అక్కడ లేడు. బరిలో ఉంటే గెలిచేవాడని ఒట్టేసి చెప్పలేం. కానీ నడి వయసు రాకముందే, కాళ్లలో సత్తా నిండుగా ఉన్న రోజుల్లో ఒక క్రీడాకారుడి ఒలింపిక్స్‌ను రాజకీయం లాగేసుకుంది. పతకాల పట్టికలో ఆ నష్టం కనబడదు.

1984లో లాస్ ఏంజెలెస్‌లో 47.75తో రెండో స్వర్ణం. ఇక 1988 సియోల్. 33 ఏళ్ల వయసులో మూడో స్థానం, కాంస్యం. అంతటివాడు వెనకబడ్డాడని చాలామంది నిట్టూర్చారు. కానీ గడియారం చూడండి: 47.56. స్వర్ణాలు తెచ్చిన రెండు పరుగుల కన్నా ఇదే వేగం. ఆండ్రీ ఫిలిప్స్ 47.19కీ, అమడౌ దియా బా 47.23కీ వెళ్లారు కాబట్టే అతను మూడోవాడయ్యాడు.