చమురు దేశంలో చదువుకు గిరాకీ ఎక్కడి నుంచి రావాలి?

పదిహేనేళ్ల పిల్లల చదువును దేశదేశాల్లో ఒకే కొలతతో అంచనా వేసే పీసా పరీక్షలో 2018లో సౌదీ అరేబియా విద్యార్థులకు గణితంలో 373, పఠనంలో 399 పాయింట్లు వచ్చాయి. 2022కు వచ్చేసరికి గణితం 389కి పెరిగింది, పఠనం మాత్రం 383కి పడిపోయింది. ఆ ఏడాది, ఎక్కువగా సంపన్న దేశాలున్న ఓఈసీడీ కూటమి సగటు గణితంలో 472, పఠనంలో 476. చమురు మీద ఆధారపడటం తగ్గించుకుంటామంటూ 2016 ఏప్రిల్‌లో ‘విజన్ 2030’ని ప్రకటించిన దేశం అన్నింటికంటే ముందు పట్టించుకోవలసిన అంకెలివి.

చదువు మీద డబ్బు పెట్టలేదని ఆ దేశాన్ని ఎవరూ తప్పుపట్టలేరు. విదేశాల్లో చదివే విద్యార్థుల కోసం రాజు అబ్దుల్లా పేరిట 2005లో మొదలైన స్కాలర్‌షిప్ పథకం లక్షమందికి పైగా యువతను అమెరికా, బ్రిటన్ వంటి దేశాలకు పంపింది. 2009లో జెద్దాకు ఉత్తరాన, ఎర్ర సముద్రం ఒడ్డున తువాల్‌లో పరిశోధన కోసమే ఒక విశ్వవిద్యాలయాన్ని అపారమైన మూలనిధితో నిర్మించారు. అయితే డబ్బుతో తేలిగ్గా కొనగలిగేది పేరుప్రతిష్ఠలనే. పరిశోధన వ్యాసాలకు ప్రపంచంలో ఎక్కువ గుర్తింపు ఉన్న విదేశీ శాస్త్రవేత్తలకు భారీ పారితోషికాలిచ్చి, ఏడాదిలో కొద్ది వారాలు వచ్చి వెళ్తే చాలన్న షరతుతో తమ సంస్థ పేరును కూడా వ్యాసాల్లో రాయించుకునే పద్ధతి అక్కడి కొన్ని విశ్వవిద్యాలయాల్లో సాగిందని 2011లోనే అంతర్జాతీయ పత్రికలు బయటపెట్టాయి. దీనివల్ల ర్యాంకు పెరిగి ఉండవచ్చు, కానీ రియాద్‌లో ఎనిమిదో తరగతి చదివే పిల్లవాడికి భిన్నాలు నేర్పే ఉపాధ్యాయుడి పనితీరులో మార్పేమీ రాదు.

నా దృష్టిలో అసలు చిక్కు బడిలో కంటే బడి బయట ఎక్కువగా ఉంది. విజన్ 2030 మొదలయ్యే నాటికి ఉద్యోగాల్లో ఉన్న సౌదీ పౌరుల్లో సుమారు మూడింట రెండొంతుల మంది ప్రభుత్వ రంగంలోనే ఉన్నారు. ఏ సబ్జెక్టులో డిగ్రీ తెచ్చుకున్నా సర్కారీ కొలువు, ప్రైవేటు కంటే మెరుగైన జీతం, తక్కువ పనిగంటలు దొరుకుతాయని అన్నలను, మేనమామలను చూసి తెలుసుకున్న కుర్రవాడు కష్టమైన గణితంతో కుస్తీ పట్టడానికి కారణమేముంది? అతనికి కావలసింది పట్టా, అందుకు బట్టీ చదువు సరిపోతుంది.

ప్రైవేటు రంగం సంగతి మన గల్ఫ్ కుటుంబాలకు చెప్పనక్కరలేదు. జగిత్యాల, నిజామాబాద్, కడప జిల్లాల నుంచి వెళ్లినవారితో పాటు లక్షలాది వలస కార్మికులు తక్కువ జీతానికి, కఫీల్ (వీసాకు పూచీ ఉండే యజమాని) చేతిలో కట్టుబడి పనిచేస్తున్నంత కాలం అక్కడి యజమానికి యంత్రాల మీద గానీ, నైపుణ్యం మీద గానీ ఖర్చుపెట్టవలసిన ఒత్తిడి కలగలేదు. 2011లో తెచ్చిన నితాఖత్ విధానం ప్రతి సంస్థలో ఇంతమంది స్థానికులుండాలని కోటా విధించింది. మనవాళ్లు వేలాదిగా తిరిగి రావలసి వచ్చింది. కోటా నింపడం కోసం పనిలేకుండా పేర్లు మాత్రమే రాసుకున్న సంస్థలూ ఉన్నాయి. కోటాతో ఉద్యోగం ఇప్పించవచ్చు గానీ, నేర్చుకోవాలన్న అవసరాన్ని పుట్టించడం దానివల్ల కాదు.

ఆ అవసరం పుడితే ఏం జరుగుతుందో సౌదీ మహిళలే చూపించారు. 2002 వరకు అక్కడ ఆడపిల్లల చదువు విద్యాశాఖ కింద కాక మతపెద్దల ఆధ్వర్యంలోని ప్రత్యేక విభాగం కింద ఉండేది. ఆ ఏడాది మార్చిలో మక్కాలోని ఒక బాలికల పాఠశాలలో అగ్నిప్రమాదం జరిగి 15 మంది విద్యార్థినులు చనిపోయాకే ఆ విభాగాన్ని విద్యాశాఖలో కలిపారు. ఆ తరువాత విశ్వవిద్యాలయాల్లో అమ్మాయిలు బాగా చదివినా ఉద్యోగాలు అంతంతమాత్రమే. 2018లో కారు నడిపే హక్కు, 2019లో పురుష సంరక్షకుడి అనుమతి లేకుండా పాస్‌పోర్టు పొందే హక్కు వచ్చాయి, అనేక వృత్తులూ తెరుచుకున్నాయి. 2017లో 20 శాతానికి లోపే ఉన్న శ్రామికశక్తిలో మహిళల భాగస్వామ్యం అయిదేళ్లలో దాదాపు 35 శాతానికి చేరింది. పాఠ్యపుస్తకం మార్చడం వల్ల వచ్చిన ఫలితం కాదిది. ఉన్న చదువుకు బయట దారి దొరికింది, అంతే.

బడి లోపల మార్పులు చాలానే చేస్తున్నారు గానీ నిలకడ లేదు. 2021లో మూడు సెమిస్టర్ల విధానం తెచ్చి, 2025-26 నుంచి మళ్లీ రెండుకే వెళ్లారు. ఒకటో తరగతి నుంచే ఇంగ్లిష్ పెట్టారు, ఇప్పుడు కృత్రిమ మేధ పాఠాలూ చేరుతున్నాయి. వీటికంటే ముందు చూడవలసింది ప్రాథమిక తరగతుల్లో అరబీ చదవడం. ఇంట్లో మాట్లాడే అరబీకి, పుస్తకంలోని అరబీకి వ్యాకరణంలోనూ పదజాలంలోనూ ఎంతో దూరం ఉండటంతో ఆరేళ్ల పిల్లలు దాదాపు కొత్త భాషలో చదవడం మొదలుపెడతారు. ఈ దూరాన్ని దాటించే శిక్షణ ఉపాధ్యాయులకు ఇచ్చి, ఇంటి మాటతో మొదలుపెట్టి పుస్తక భాషకు నడిపించే కథల పుస్తకాలు ప్రతి తరగతి గదిలో ఉంచడానికి పెద్దగా ఖర్చు కాదు. 2016లో ఒకటో తరగతిలో చేరిన పిల్లలు 2028లో బడి చదువు ముగిస్తారు. వాళ్ల విషయంలో ఇప్పటికే ఆలస్యమైంది కాబట్టి, ఈ ఏడాది చేరే పిల్లల నుంచైనా ఈ పని మొదలుకావాలి, దానితో పాటే ప్రభుత్వ, ప్రైవేటు జీతాల మధ్య అంతరమూ తగ్గుతూ రావాలి.