వయసు మీదకు నెట్టేయకండి

ఉదయం ఐదున్నరకే లేచి పేపర్ కోసం గుమ్మంలో నిలబడే పెద్దాయన. ఈమధ్య ఆ పేపర్ మధ్యాహ్నం దాకా మడత విప్పకుండా బల్ల మీదే ఉంటోంది. అడిగితే ‘ఒంట్లో బాగోలేదు’ అంటాడు. తెల్లవారుజామున మూడింటికే మెలకువ, తిండి సహించదు, నడుం నొప్పి, అయినదానికీ కానిదానికీ విసుగు. పరీక్షలు చేయిస్తే ఏమీ తేలదు. దిగులుగా ఉందన్న మాట మాత్రం ఆయన నోట రాదు. ‘వయసైపోయింది కదా’ అని ఇంట్లోవాళ్లు సరిపెట్టుకుంటారు. ఒక్కోసారి డాక్టరు కూడా అదే మాట అంటారు. మా అభ్యంతరం ఆ మాట మీదే. ముసలితనం జబ్బు కాదు. డిప్రెషన్ జబ్బు, డెబ్బై ఏళ్లు దాటాక వచ్చినా నయం చేయదగ్గ జబ్బు.

గుర్తించడానికి పెద్ద యంత్రాలేం అక్కర్లేదు. అవును, కాదు అని జవాబు చెప్పే 15 ప్రశ్నల పట్టిక ఒకటి పెద్దవాళ్ల కోసమే ఉంది. దాంతోపాటు థైరాయిడ్, బి12, రక్తహీనత చూడాలి. వాడుతున్న మందుల్లో ఏదైనా మనసును కుంగదీస్తోందా అన్నదీ చూడాలి. డిప్రెషన్‌లో మతిమరుపు కూడా రావచ్చు. దాన్ని డిమెన్షియా, అంటే మెదడు క్షీణించి వచ్చే మతిమరుపు జబ్బు అనుకుని ఇంట్లోవాళ్లు ఆశ వదిలేసుకోవడం అన్నిటికన్నా బాధాకరం.

మందుల్లో సాధారణంగా ముందు ఇచ్చేవి సెర్ట్రాలిన్, ఎస్సిటలోప్రామ్ లాంటివి. తక్కువ మోతాదుతో మొదలుపెట్టి మెల్లగా పెంచుతారు. గుణం కనిపించడానికి నాలుగు నుంచి ఆరు వారాలు, పెద్దవాళ్లలో ఇంకా ఎక్కువే పట్టవచ్చు. ఈలోగా రక్తంలో సోడియం పడిపోవచ్చు, నడుస్తూ తూలిపడవచ్చు. ఆస్పిరిన్ వాడుతుంటే రక్తస్రావం భయం ఉంటుంది. అమిట్రిప్టిలిన్ లాంటి పాత మందులతో మలబద్ధకం, మూత్రం ఆగిపోవడం, మాట తడబడి అయోమయం, లేచి నిలబడగానే బీపీ పడిపోవడం వస్తాయి గనుక ఈ వయసులో వాటి జోలికి తొందరగా వెళ్లరు. ఇక నిద్రమాత్రలు డిప్రెషన్‌కు వైద్యమే కాదు.

అసలు చిక్కు ఆ మొదటి వారాల్లోనే ఉంది. పది రోజులు వేసుకుని ‘ఏం లాభం లేదు’ అని సీసా పక్కన పెట్టేస్తారు. ఎందుకు ఆపేశారని అడిగేవాళ్లుండరు. అడిగే మనిషి ఉంటే ఏమవుతుందో 2002లో వెలువడిన ఇంపాక్ట్ అనే అమెరికా అధ్యయనం చూపించింది. 60 ఏళ్లు పైబడిన 1,801 మందిలో సగం మందికి మామూలు వైద్యం అందింది. మిగతా సగం మందికి ఒక నర్సు లేదా సైకాలజిస్టు తోడయ్యారు. ఫోన్ చేసి ఎలా ఉన్నారని కనుక్కునేవారు, గుణం లేకపోతే డాక్టరుతో మాట్లాడి మందు మార్పించేవారు, ఒక్కో సమస్యనూ విడదీసి పరిష్కరించుకోవడం నేర్పేవారు. ఏడాది తర్వాత బాధ సగానికి సగం తగ్గినవారు మామూలు వైద్యంలో 19 శాతం, తోడున్న గుంపులో 45 శాతం. కొత్త మందేమీ కనిపెట్టకుండానే ఇంత తేడా వచ్చింది. అందుకే మేము గట్టిగా అడుగుతున్నాం: బీపీ, షుగర్ చూసే ప్రతి క్లినిక్‌లో ఇలా వెంటపడి అడిగే ఒక ఉద్యోగి ఉండాలి. మందు రాసిన రెండో వారంలోపే మొదటి ఫోన్ వెళ్లాలి.

‘ఈ వయసులో కూర్చుని మాట్లాడితే మనసు మారుతుందా?’ అనేవాళ్లున్నారు. మారుతుంది. కౌన్సెలింగ్, ఆలోచనల తీరును సరిదిద్దే సీబీటీ పెద్దవాళ్లకూ బాగా పనిచేస్తాయి. రేపు పదినిమిషాలు బయట నడవడం, ఎల్లుండి పాత స్నేహితుడికి ఫోన్ చేయడం, అంత చిన్న పనితోనే మొదలవుతుంది చికిత్స.

కరెంటు షాక్ అనగానే అందరూ హడలిపోతారు. ఈసీటీ అనే ఆ కరెంటు చికిత్సను ఇప్పుడు మత్తు ఇచ్చి, నొప్పి తెలియకుండా చేస్తారు. తిండీ నీళ్లూ మానేసి మంచం పట్టిన పెద్దవాళ్లను త్వరగా లేపి కూర్చోబెట్టగల చికిత్స అది. కొంత మరపు వస్తుంది, చాలావరకు మెల్లగా సర్దుకుంటుంది. ఆ సంగతి ముందే వివరంగా చెప్పి ఒప్పించాలి, అంతేగానీ భయంతో ఆ దారే మూసేయకూడదు.

ఇంట్లోవాళ్లు అడగడానికి జంకే ప్రశ్న ఒకటుంది. ‘చచ్చిపోవాలనిపిస్తోందా?’ అని సూటిగా, మెత్తగా అడగండి. అడిగినంత మాత్రాన లేని ఆలోచన పుట్టదు. అవునంటే ఒంటరిగా వదలకండి, ఇంట్లో ఉన్న మాత్రలన్నీ తీసి దాచండి, ఆ రోజే ఆస్పత్రికి తీసుకెళ్లండి.