ముంచేముందు ఓడను ఎంత కడిగారు?

2006 మే 17న అమెరికాలో ఫ్లోరిడా రాష్ట్రం పెన్సకోలా తీరానికి దూరంగా, ఒరిస్కనీ అనే పాత విమాన వాహక నౌకను పేలుడు పదార్థాలు పెట్టి ముంచేశారు. కొరియా, వియత్నాం యుద్ధాల్లో పనిచేసిన 900 అడుగుల ఓడ 37 నిమిషాల్లో మునిగిపోయింది. ఇప్పుడది కృత్రిమ రీఫ్, అంటే చేపలూ ఇతర సముద్రజీవులూ చేరడానికి మనుషులు అడుగున పెట్టిన దిబ్బ. దాన్ని చూడ్డానికి స్కూబా డైవర్లు ఎక్కడెక్కడి నుంచో వస్తారు.

వాళ్లను తప్పుపట్టలేం. తాడు పట్టుకుని దిగుతుంటే 80 అడుగుల దగ్గర, డెక్ మీద నిలబడి ఉన్న ఓడ టవర్ మొదలవుతుంది. లైటు వేయకపోతే అక్కడ ఎరుపు రంగే కనిపించదు. వేలు తెగితే రక్తం ఆకుపచ్చగా ఉంటుంది. ఒత్తిడి వల్ల సిలిండర్‌లో గాలి పైన కంటే మూడు రెట్లకు మించి ఖర్చవుతుంది. విమానాలు దిగిన డెక్ మొదట 135 అడుగుల లోతున ఉండేది. 2008లో గుస్తావ్ తుపాను దెబ్బకు ఓడ కుంగి, అది 145కి చేరింది. సాధారణ డైవర్లకు హద్దు 130 అడుగులే. ప్రచారమంతా డెక్ పేరు మీద, చాలామంది చూసి వచ్చేది టవర్‌ని!

నా పేచీ అసలు వేరే చోట ఉంది. పాత యుద్ధనౌకల కరెంటు తీగల తొడుగుల్లో పీసీబీలనే విష రసాయనాలు ఉంటాయి. ఒరిస్కనీని శుభ్రం చేశాక కూడా సుమారు 700 పౌండ్లు అందులోనే మిగిలాయని అంచనా. అది తెలిసే అమెరికా పర్యావరణ పరిరక్షణ సంస్థ ఈపీఏ అనుమతిచ్చింది. తర్వాత అక్కడ పట్టిన రెడ్ స్నాపర్ చేపల్లో పీసీబీలు పరిమితి దాటి కనిపించాయి. కాలక్రమేణా తగ్గాయి, నిజమే. మరి ఆ మధ్యలో వాటిని వండుకు తిన్నవాళ్ల సంగతేమిటి? 2012లో అమెరికా నౌకాయాన విభాగం 1985కు ముందు కట్టిన ఓడలను రీఫ్‌లకు ఇవ్వడం మానేసింది. చేతులు కాలాక పట్టుకున్న ఆకులే అవి.

ఇలాంటి రీఫ్‌ల వల్ల చేపలు పెరుగుతాయని చెప్పే మాటా అంత తేలిగ్గా నమ్మేది కాదు. ఇనుము మీద నాచు, స్పాంజీలు పట్టి కొత్త చేపలు పెరగొచ్చు. చుట్టుపక్కల చేపలే వచ్చి అక్కడ గుమికూడనూవచ్చు. రెండోదే జరిగి, వేటకు హద్దు లేకపోతే ఉన్నవీ ఊడ్చుకుపోతాయి.

మహారాష్ట్రలో సింధుదుర్గ్ దగ్గర ఐఎన్ఎస్ గుల్దార్‌ను ఇలాగే ముంచే ప్రాజెక్టు చేపట్టారు. రేపు విశాఖకూ ఒకటి కావాలని ఎవరో ఒకరు అడుగుతారు. హుద్‌హుద్‌ను చూసిన తీరం కాబట్టి ఓడ కదలకుండా ఉంటుందా అని ముందు తేల్చాలి. తీగలు పూర్తిగా పీకారో లేదో బయటి సంస్థతో పరీక్ష చేయించాలి. చుట్టూ వేట ఆపితే విశాఖలోని మత్స్యకారుల పేట పెదజాలారిపేట పడవలకు ఏమిస్తారో, టెండర్ పిలవకముందే కాగితం మీద రాయాలి.