బ్యాంకులకు ఒక బాబాయి కావాలి

మొండి బాకీలు వసూలు కావడం లేదని మన ఆర్థికవేత్తలు ఏళ్ల తరబడి వాపోతున్నారు. వారిలో ఒక్కరైనా గుంటూరులో ఒక పెళ్లికి వచ్చినట్టు లేదు. వచ్చి, కల్యాణమండపం గుమ్మం పక్కన వేసిన చదివింపుల బల్ల దగ్గర ఓ పావుగంట నిలబడితే చాలు. తాకట్టు లేకుండా, హామీ సంతకం అడగకుండా, నోటీసు పంపకుండా, ఇచ్చిన సొమ్ము ఇచ్చినట్టే తిరిగివచ్చే రుణ వ్యవస్థను కళ్లారా చూసేవారు.

ఆ బల్ల వెనుక ఇద్దరు ఉంటారు. ఒకరు రాసేవారు. ఆయనకు దస్తూరి బాగుంటే సరిపోదు, చుట్టుపక్కల ఊళ్ల ఇంటిపేర్లన్నీ నోటికి రావాలి. ఒకే పేరు, ఒకే ఇంటిపేరు ఉన్న ఇద్దరు పెద్దమనుషులు వస్తే, ఒకరిది తెనాలి, ఒకరిది పొన్నూరు అని విడదీసి రాయగలగాలి. రెండోవారు డబ్బు పుచ్చుకుని దాచే సంచీ బాబాయి. సంచీ చంకలో పెట్టుకుని కూర్చున్నాక జీలకర్ర బెల్లం అయినా, తలంబ్రాలు పడినా ఆయన కదలడు. ఆఖరి బంతి లేచేదాకా విస్తరి ముందు కూర్చోడు. పెళ్లికూతురి తండ్రి వచ్చి అడిగినా సంచీ వదలడు. ఇక పుస్తకానికి నాలుగు మూలలా పసుపు, పైన శ్రీరస్తు, మొదటి వరసలో మేనమామగారి పద్దు. ఏ ఆడిటరూ వేలు పెట్టలేని పుస్తకమది.

మా ప్రాంతంవారు ఎవరికీ ఏదీ ఊరికే ఇవ్వరని గిట్టనివారు అంటుంటారు. శుద్ధ అపవాదు. ఇస్తారు. ఇచ్చి, అవతలివారు రాసుకున్నారో లేదో వంగి చూస్తారు.

అవతలి ఇంటి నుంచి శుభలేఖ అందిన రోజు పాత చదివింపుల పుస్తకం కోసం మన బీరువా అడుగు అర తెరుచుకుంటుంది.

“ఏమండీ, మన పెద్దమ్మాయి పెళ్లికి వాళ్లు ఎంత చదివించారు?”

“2009లో వెయ్యినూట పదహార్లు.”

“ఎంతమంది వచ్చారు?”

“ఐదుగురు. చంటిపిల్ల కాక.”

ఇక్కడ ఆ ఇంట్లో ద్రవ్య విధాన సమీక్ష మొదలవుతుంది. 2009లో పది గ్రాముల బంగారం పదిహేను వేల రూపాయల చుట్టూ ఉండేది. 2025లో లక్ష దాటింది. ఆ లెక్కన నాటి 1,116 రూపాయలు నేడు ఏడు వేల పైమాటే. అయితే ఈ లెక్క మనకు రావలసినప్పుడే వర్తిస్తుంది. మనం ఇవ్వవలసి వచ్చినప్పుడు రూపాయి రూపాయే, పదహారు పదహారే. వారి ఐదుగురి భోజనం ఖర్చు కూడా అందులోంచి తీసేయాలని వాదించే ఇల్లాళ్లను నేను ఎరుగుదును. చివరికి మర్యాద కోసం రెండువేల నూటపదహార్ల దగ్గర తీర్మానం ఆమోదం పొందుతుంది. ప్రపంచ దేశాలన్నీ డబ్బు విలువను బంగారానికి ముడిపెట్టే బంగారు ప్రమాణాన్ని వదిలేసి దశాబ్దాలు గడిచాయి. పుచ్చుకోవడానికి బంగారు ప్రమాణాన్ని, ఇవ్వడానికి రూపాయి ప్రమాణాన్ని ఒకే బీరువాలో కాపాడుకుంటున్నది మనమే.

వసూళ్ల విషయానికి వస్తే, మిర్చి రైతును చూడండి. యార్డులో ధర పడిపోయింది, టిక్కీలు, అంటే మిర్చి బస్తాలు, కోల్డ్ స్టోరేజీలో మగ్గుతున్నాయి, పంట రుణం వాయిదా దాటింది. బ్యాంకు మేనేజరుగారు ఫోను చేస్తే ఆయన పొలంలో ఉంటాడు, అక్కడ సిగ్నల్ ఉండదు. అదే వారం తోడల్లుడి కూతురి పెళ్లి. రెండు రూపాయల వడ్డీకి తెచ్చి మరీ, ఇస్త్రీ చొక్కా వేసుకుని, పాత చదివింపుల బాకీ మీద ఐదువందలు కలిపి చదివించి వస్తాడు. బ్యాంకువారికి లేనిది, పెళ్లివారికి ఉన్నది ఒక్కటే: నలుగురి ముందు పేరు చదివే మనిషి. అందుకే రిజర్వు బ్యాంకు వారికి నా విన్నపం. శాఖకు ఒక సంచీ బాబాయిని నియమించండి. జీతం అక్కరలేదు, సంచీ ఇస్తే చాలు.

ఈ వ్యవస్థకు ముప్పు లేకపోలేదు. ఈమధ్య కొందరు శుభలేఖల మీద ‘చదివింపులు స్వీకరించము, మీ ఆశీస్సులే మాకు కానుక’ అని అచ్చు వేయిస్తున్నారు. ఇదెక్కడి అన్యాయం? మేము వారికి పడిన బాకీ ఎక్కడ కట్టుకోవాలి? పైగా, ఇంత కాదనుకునే స్థాయి ఆ పెళ్లివారికి ఎలా వచ్చిందన్న అనుమానం అప్పటి నుంచి బంధువర్గానికి నిద్ర పట్టనివ్వదు. బల్ల మీద ఫోను చెల్లింపుల బొమ్మ అతికించడం ఇంకో ఉపద్రవం. డబ్బు నేరుగా ఖాతాలో పడితే బాబాయి చంకలో ఏమి పెట్టుకోవాలి?

ప్రభుత్వానికి మాత్రం ఈ పుస్తకమంటే గౌరవమే. పుట్టినరోజుకు బయటివారు ఇచ్చిన కానుకలు ఏడాదిలో 50,000 రూపాయలు దాటితే పన్ను వేసే చట్టం, వధూవరులకు పెళ్లిలో వచ్చినవాటి జోలికి రాదు. 1985 అక్టోబరు 2 నుంచి అమలులో ఉన్న నిబంధనలైతే పెళ్లి కానుకల జాబితా రాసితీరాలన్నాయి. వస్తువు వివరం, సుమారు విలువ, ఇచ్చినవారి పేరు, బంధుత్వం అన్నీ ఉండాలి, వధూవరులు సంతకాలు చేయాలి. ఢిల్లీవారు చెప్పకముందే మనవారు స్టీలు బిందె దాకా రాస్తున్నారు. రాయనివి కొన్నే. ఊరి పక్కన రెండెకరాలు, విజయవాడలో ఫ్లాటు, గుమ్మం ముందు రిబ్బను కట్టిన కారు, నిశ్చితార్థానికి ముందే చేతులు మారిన మొత్తం. కట్నం ఇచ్చినా, పుచ్చుకున్నా 1961 నుంచి నేరం. చట్టమంటే భక్తి ఉన్న కుటుంబాలు కనుక వాటిని కాగితం మీద పెట్టవు.

మొన్న మాఘమాసపు పెళ్లిలో ఒక సంచీ బాబాయిని ఇదే అడిగాను. “బాబాయిగారూ, నూటపదహార్లు కూడా వదలకుండా రాస్తున్నారు, ఆ రెండెకరాలు కూడా మొదటి పేజీలో రాస్తే పుస్తకం నిండుగా ఉండేది కదా?”

ఆయన నన్ను పైనుంచి కిందికి చూశాడు. సంచీ మరి కాస్త లోపలికి నొక్కుకున్నాడు. పక్కన రాసేవారి వైపు తిరిగి, “అబ్బాయిగారి పేరు రాయి” అన్నాడు. “ఎంత రాయించమంటారు?”