పికోమీటర్ల మాయంపై విచారణ జరపాలి

జనం పెరిగితే ఇల్లు ఇరుకవుతుంది. మనుషులు చేరేకొద్దీ ఇల్లే చిన్నదైపోవడం మాత్రం మూలకాల ఆవర్తన పట్టికలోని రేర్ ఎర్త్ లోహాల వీధిలోనే చూస్తాం. లాంథనం నుంచి లుటీషియం దాకా గడి గడికీ ఒక ప్రొటాన్, ఒక ఎలక్ట్రాన్ చేరతాయి. అయినా మూడు ధనావేశాల అయాన్ (మూడు ఎలక్ట్రాన్లు పోగొట్టుకున్న పరమాణువు) వ్యాసార్ధం 103 పికోమీటర్ల (మీటరులో లక్ష కోట్లో వంతు ఒక పికోమీటరు) నుంచి 86కు పడిపోతుంది. 14 గడుల్లో 17 పికోమీటర్లు మాయం. గడికి ఒకటీ పైచిల్లర! ఇలాంటి చేతివాటం ఏ ఆడిట్‌కు చిక్కుతుంది?

1925లో భూరసాయన శాస్త్రవేత్త గోల్డ్‌ష్మిట్ దీనికి లాంథనైడ్ సంకోచం అని పేరు పెట్టాడు గానీ కేసు పెట్టలేదు. నిందితులు 4ఎఫ్ అనే లోపలి గదిలో చేరే ఎలక్ట్రాన్లు. కేంద్రకం లాగుడు బయటివాళ్లకు తగలకుండా అడ్డుండటం వాళ్ల డ్యూటీ. వాళ్లేమో జల్లెడ పట్టుకుని గొడుగంటారు. ప్రొటాన్ చేరినప్పుడల్లా 5ఎస్, 5పీ అనే బయటి గదుల వాళ్లు ఇంకాస్త లోపలికి జరగాల్సిందే.

గ్రాఫ్ గీసే విద్యార్థులకు హెచ్చరిక. అయాన్లవి కాక లోహంలోని పరమాణువుల వ్యాసార్ధాలు తీసుకుంటే యూరోపియం, యిటెర్బియం దగ్గర రెండు గూనులు లేస్తాయి. రబ్బరు పెట్టి చెరపకండి. తక్కినవి లోహపు ఉమ్మడి నిధికి మూడేసి ఎలక్ట్రాన్లు చందా ఇస్తే, ఈ రెండూ రెండే ఇచ్చి, 4ఎఫ్ గదిని ఒకటి సగం, ఇంకొకటి పూర్తిగా నింపుకున్నాయి. చందా ఎగ్గొట్టినవాళ్లే లావుగా ఉండటం కొత్తేమీ కాదు. ఇంకోటి: స్ఫటికంలో లాంథనం అయాన్ చుట్టూ ఆరుగురు పొరుగువాళ్లుంటే (ఆనుకుని ఉన్న అయాన్లు) వ్యాసార్ధం 103, ఎనిమిది మందైతే 116. రెండు పట్టికలూ కలిపేస్తే వచ్చే తప్పు, మొత్తం సంకోచంలో ముప్పావు వంతు.

భీమిలి ఇసుకలోని మోనజైట్ అనే ఖనిజంలో ఇవన్నీ కలగలిసే ఉంటాయి. పక్కపక్కవాటి తేడా ఒక పికోమీటరే కాబట్టి ద్రావణి నిష్కర్షణ (ఒక ద్రవంలోంచి ఇంకో ద్రవంలోకి లాగి వేరుచేయడం) ఒక్క తొట్టిలో తేలదు, తొట్ల వరుసలు వేయాలి. ఆమ్ల స్వభావమున్న ద్రావణి చిన్న అయాన్‌నే గట్టిగా పట్టుకుంటుంది. తర్వాత దాన్ని విడిపించడానికి ఇంకా గాఢమైన ఆమ్లం పోయాలి.

అసలు బాధితుడు పక్క వీధివాడు. కింది వరుసలో పుట్టిన హాఫ్నియం లెక్కప్రకారం జిర్కోనియం కంటే పెద్దగా ఉండాలి. సంకోచం దెబ్బకు దాని అయాన్ 71, జిర్కోనియంది 72. ఆ ముసుగులో 1923 దాకా జిర్కోనియం ఖనిజమైన జిర్కాన్‌లోనే దాక్కుంది. అణు రియాక్టర్ ఇంధన గొట్టాల జిర్కోనియంలో అది మిగిలితే న్యూట్రాన్లను మింగేస్తుంది కనుక హైదరాబాద్ ఎన్‌ఎఫ్‌సీ (న్యూక్లియర్ ఫ్యూయల్ కాంప్లెక్స్)లో దాన్ని వేరుచేస్తారు. న్యూట్రాన్లు మింగుతుందని ఇలా గెంటేసిన హాఫ్నియాన్ని, న్యూట్రాన్లు మింగడానికే కొన్ని రియాక్టర్లలో చర్యను అదుపుచేసే కంట్రోల్ కడ్డీలుగా కొలువులో పెట్టుకున్నారు.